అద్దం వెనక పొట్లం

పోయిన వారం పిచ్చుకను నగల షాపు మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. చెయ్యి తలుపు మీద ఉంది, కాలు గడప దాటలేదు. వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉందేమోనని మీలో కొందరికి బెంగగా ఉండొచ్చు గాని, ఆమెకు లేదు. మూడేళ్లు ఆగిన మనిషి వారానికి అలిసిపోదు.

కథ మధ్యలో వచ్చి కూచున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ఈ షాపు పిచ్చుక బాబాయిది. లోపలి గదిలో రాళ్లు పొదిగే బల్లకు ఒకప్పుడు పెద్ద దిక్కు ఆమె నాన్న. ఆ బల్ల కింద రాలిన రవ్వలను చిన్నప్పుడు గింజలేరినట్టు ఏరి పెట్టేది కాబట్టి ఆమెకు ఆ పేరు నాన్నే పెట్టాడు, అదే మిగిలింది. మూడేళ్ల క్రితం ఒక పళ్ల డాక్టరమ్మ తన పాత ఉంగరంలోని వజ్రాన్ని ఈ షాపులో విప్పించి, పొట్లంలో పెట్టించుకుని తీసుకెళ్లింది. ఎందుకో అనుమానం వచ్చి బయట పరీక్ష చేయిస్తే, అది గనిలోంచి తీసిన వజ్రం కాదు, ల్యాబ్‌లో పెంచినదని తేలింది. ఎవరో రాయి మార్చేశారు. రాయి విప్పిందీ పొట్లం మడిచిందీ మా అన్నయ్యే, మధ్యలో ఇంకో చెయ్యి పడలేదు అని బాబాయి పదిమందిలో చెప్పాడు. నాన్న అవునన్లేదు, కాదన్లేదు. చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆ నగల వీధిలో ఒక్కరు కూడా ఆయన చేతికి రాయి ఇవ్వలేదు.

తమ్ముడి పరువు కాపాడటానికి నాన్న నోరు కుట్టేసుకున్నాడని పిచ్చుక నమ్మకం. ఆయన ఊరుకున్నాడు గాని ఆమె ఊరుకోలేదు. ఇప్పుడామె ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో రాళ్లు పరీక్షించే ఉద్యోగి. వజ్రం కనపడగానే కళ్లు చెదరవలసిన వయసులో, అది ఎక్కడ పుట్టిందో తేల్చి రాసి సంతకం పెడుతోంది. ల్యాబ్‌లో పెంచినది అని రాసిన ప్రతిసారీ పాత మంట రేగుతుంది. ఆ మంట ఎవరి మీదో మీకు తెలుసు.

పోయిన వారం కథలో బాబాయి షాపులో మెరుగు పెట్టే ముసలాయన ఆమెకొక కబురు చెప్పాడు. డాక్టరమ్మ వెనక్కి తెచ్చిన ఆ పొట్లాన్ని బాబాయి పారేయలేదట. అద్దం బిగించి, ల్యాబ్ వజ్రాల కౌంటరు వెనక గోడకు తగిలించాడట. కొత్తగా వచ్చినవాళ్లకు చూపించి, రాయి మార్చినందుకు సొంత అన్నను కూడా వదల్లేదు, మా నమ్మకం అలాంటిది అని చెప్పుకుని అమ్ముకుంటున్నాడట. ఆ మాట విన్నాక పిచ్చుకకు అన్నం సయించలేదు. తిన్నగా పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఒక్క గంట నాతో రండి, రాయి ఎవరు మార్చారో మీ కళ్లకే చూపిస్తానని ఒప్పించింది.

అంతవరకు జరిగింది. ఇక తలుపు తోద్దాం.

లోపల చల్లగా ఉంది. నేల మీద పరిచిన మెత్తటి తివాచీ అడుగుల చప్పుడు మింగేస్తోంది. కప్పు నుంచి వేలాడే చిన్న చిన్న దీపాలు ఎవరి ముఖం మీదా పడకుండా రాళ్ల మీదే పడేట్టు అమర్చారు. ఎడమ వైపు కౌంటరులో గని వజ్రాలు, కుడి వైపు కౌంటరులో ల్యాబ్ వజ్రాలు. మూడేళ్ల క్రితం ఆ కుడి వైపు కౌంటరే లేదు. అక్కడ నాన్న భోజనం డబ్బా పెట్టుకునే చెక్క బీరువా ఉండేది.

పిచ్చుక గోడ వైపు చూడలేదు. చూడటానికి భయపడింది. డాక్టరమ్మకు కూడా చెప్పని సంగతి ఇది. నాన్నది ఎడమచేతి వాటం. ఆయన పొట్లం మడిస్తే రెండు పక్కల రెక్కల్లో ఎడమ రెక్క పైకి వస్తుంది. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా వేరేగా రాలేదు. పరీక్షకు విప్పిన పొట్లాన్ని ఉన్నది ఉన్నట్టే మూసి ఇవ్వడం ల్యాబ్‌ల పద్ధతి. ఆ అద్దం వెనక పొట్లంలో కుడి రెక్క పైన ఉంటే నాన్న నిర్దోషి. ఎడమ రెక్క పైన ఉంటే ఆమె చేత్తో ఆమే నాన్నను రెండోసారి దొంగను చేసినట్టు. ఇంట్లో కూచుని ఊహించుకున్నప్పుడు ఉన్న ధైర్యం తివాచీ మీద రెండడుగులు వెయ్యగానే సగమైంది.

డాక్టరమ్మ పక్కనే ఉంది, బాబాయి గుర్తుపట్టకుండా ముఖానికి మాస్కు కట్టుకుని. జలుబని అబద్ధం చెప్పే అవసరం కూడా రాలేదు. అటు చూసి ఇటు చూసి, ఇంత వెలుతురు మా క్లినిక్కులో ఉంటే ఒక్క పుచ్చు పన్ను కూడా దాక్కోలేదని గొణిగింది.

పిచ్చుక ముందు తనొచ్చిన పని మొదలుపెట్టింది. కౌంటరు వెనక ఉన్న అమ్మాయితో, ల్యాబ్ వజ్రాల దిద్దులు కావాలి, నేను కొనడం ఇదే మొదటిసారి అని చెప్పింది. అది నిజమే. రోజుకు వంద రాళ్లు చూసే మనిషి ఒక్కటి కూడా ఒంటి మీద పెట్టుకోలేదు.

కౌంటరమ్మాయి కొత్తగా చేరినట్టుంది, నేర్చుకున్నదంతా శ్రద్ధగా అప్పజెప్పింది. ఇది గాజు కాదండి, వేరే రకం రాయీ కాదు, ఇదీ వజ్రమే అంది. గనిలో పుట్టడానికి యుగాలు పడుతుంది, యంత్రంలో కొన్ని వారాలు చాలు, అంతే తేడా అంది. పెన్నులాంటి టెస్టరు తెచ్చి ఒక గని వజ్రం మీదా ఒక ల్యాబ్ వజ్రం మీదా ఆనించింది. రెండింటికీ ఒకేలా కూసింది. చూశారా, దీనికే తేడా తెలీదు అంది. అందుకే రిపోర్టు లేకుండా కొనకూడదని, రాయి నడుము మీద లేజరుతో చెక్కిన నంబరు రిపోర్టులోని నంబరుతో సరిపోవాలని, తిరిగి అమ్మితే గని వజ్రానికి వచ్చినంత రాదని, నచ్చితే పెట్టుకోవడానికే కొనుక్కోవాలని కూడా దాచకుండా చెప్పింది.

ఈ పాఠం మొత్తం కొత్తగా వచ్చే పరీక్షకులకు తనే చెబుతుందని పిచ్చుక ఎందుకు చెబుతుంది. బుద్ధిగా తల ఊపింది. ఆ అమ్మాయి మీద ఆమెకు కోపం రాలేదు సరికదా, కాస్త జాలేసింది. నిజం చెప్పి అమ్మడం నేర్చుకుంది, పాపం, ఎవరి దగ్గర పని చేస్తోందో తెలీక.

నల్లటి మఖమలు గుడ్డ మీద మూడు జతల రాళ్లు పెట్టారు. పిచ్చుక తన సంచిలోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుంది. మధ్య జతను చూసినప్పుడు అనుకోనిది జరిగింది. అవి ఆమెకు నచ్చేశాయి. ఏ మచ్చా లేకుండా, ఎవరి ఏడుపూ తెలియకుండా, ఆ రెండు రాళ్లు హాయిగా మెరుస్తున్నాయి. మా ఇంటిని కూల్చింది మీ జాతే కదా అని తిట్టుకోబోయి ఆగిపోయింది. రాయి ఏం చేసింది. చేసింది చెయ్యి. ఆ చెయ్యి ఇంకా గదిలోకి రాలేదు.

అప్పుడామె అసలు మాట అంది. ఈ జత తీసుకుంటాను, దిద్దుల ఖాళీ గూళ్లు కూడా ఇచ్చెయ్యండి, కానీ రాళ్లు మీరు పొదగొద్దు, విడిగా పొట్లంలో పెట్టివ్వండి, మా ఇంట్లో పొదిగేవాళ్లున్నారు అంది. కౌంటరమ్మాయి పొట్లం కాగితం తీసింది. పిచ్చుక ఆపింది. మొదటిసారి కొంటున్నాను, మీ యజమాని చేత్తో మడిచి ఇస్తే బాగుంటుంది, వాళ్ల అన్నగారి అమ్మాయి వచ్చిందని చెప్పు అంది.

లోపలికి వెళ్లిన అమ్మాయి వెనకే బాబాయి వచ్చాడు. మనిషి కాస్త లావెక్కాడు. జుట్టుకు రంగు వేశాడు. ముఖం మీద నవ్వు, కళ్లలో అనుమానం, రెండూ ఒకేసారి తెచ్చాడు. ఎన్నాళ్లయిందో చూసి, చిక్కిపోయావు, ఉద్యోగం చేస్తున్నావని విన్నాను, ఇల్లు గుర్తొచ్చిందా అని వరసగా అడిగాడు. అన్నయ్య ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు.

"దిద్దులు కొనడానికి వచ్చాను, మీరే మడిచి ఇవ్వాలి" అంది పిచ్చుక.

నువ్వు అనకుండా మీరు అని పిలవడం బాబాయికి గుచ్చుకుంది. చిన్నప్పుడు ఆయన భుజమెక్కి, నువ్వు గుర్రానివి అని జుట్టు పట్టుకు లాగిన పిల్ల ఇది. అయినా ఆయనలో ఒక రకం ఊరట కూడా కనపడింది. అన్న కూతురు తన షాపుకొచ్చి, తన కౌంటరులో, అదీ ల్యాబ్ వజ్రం కొంటోందంటే, ఇంట్లోవాళ్లు కూడా జరిగిందానికి రాజీపడ్డట్టే కదా. మనిషి ఆ మాత్రానికే పొంగిపోయాడు. కుర్చీ లాక్కుని కూచుని, కాగితం ముందుకు జరుపుకున్నాడు.

ఆయన కుడి చూపుడువేలికి కొన లేదు. చిన్నతనంలో పని నేర్చుకుంటున్నప్పుడు సాన చక్రం కొరికేసింది. అప్పుడు రక్తం కారుతున్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది పిచ్చుక నాన్నే. ఇంట్లో ఆ కథ వంద సార్లు విన్నది పిచ్చుక. వేలి కొన లేకపోవడం వల్ల బాబాయి కాగితం మడతను అందరిలా వేలితో రుద్దలేడు. బొటనవేలి గోటితో వరసగా నాలుగు చోట్ల నొక్కుతాడు. చిన్నప్పుడు పిచ్చుకకు రంగు పూసలు పొట్లం కట్టి ఇచ్చేవాడు, ఆ పొట్లాల మీద కూడా నాలుగు చంద్రవంకలు పడి ఉండేవి. అవి తడిమి చూసుకోవడం ఆమెకు ఆట.

బాబాయి తెల్ల కాగితంలో పలచటి నీలం కాగితం పరిచాడు. రెండు రాళ్లనూ పట్టకారుతో ఎత్తి మధ్యలో పెట్టాడు. కింది అంచు పైకి తెచ్చాడు. ఎడమ రెక్క లోపలికి, దాని మీద కుడి రెక్క. గోరు దిగింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. పై అంచు కిందికి దోపి, ఇంద అని జరిపాడు.

పిచ్చుక దాన్ని తాకలేదు. అప్పుడు తల ఎత్తి గోడ చూసింది.

చిన్న అద్దం ఫ్రేము. లోపల పసుపు పచ్చబడిన పొట్లం, రెక్కలు కనిపించేట్టు. మీద డాక్టరమ్మ రసీదు నంబరు. కింద అందమైన అక్షరాలతో, సొంతవాళ్లయినా సరే వదలం అని రాయించాడు. పిచ్చుక ఆ అక్షరాలు చదివే స్థితిలో లేదు. ఆమెకు కావలసింది రెక్క ఒక్కటే.

కుడి రెక్క పైన ఉంది.

రెండు చేతులతో కౌంటరు అంచు పట్టుకుంది. మూడేళ్లుగా లోపల బిగబట్టుకున్నదేదో ఒక్కసారి వదిలింది. నాన్న మడవలేదు. నాన్న కాదు. ఆ తర్వాత వచ్చింది మాత్రం ఊరట కాదు, పగ. వేడిగా, తీయగా, గొంతు దాకా వచ్చింది. ఆ క్షణాన బాబాయి ఏడ్చినా ఆమెకు జాలి కలిగేది కాదు. ఇలాంటిది మన పిచ్చుకలో ఉందని నేను మీకు ముందే చెప్పవలసింది.

ఆ ఫ్రేము ఒకసారి దించి ఇమ్మని కౌంటరమ్మాయిని అడిగింది. బాబాయి ముఖంలో నవ్వు తగ్గింది. అది ఇప్పుడెందుకన్నాడు. కొనేవాళ్లందరికీ చూపిస్తారట కదా, నేనూ కొన్నాను కదా అంది పిచ్చుక. అమ్మాయి ఫ్రేము దించింది. పిచ్చుక దాన్ని మఖమలు గుడ్డ మీద, ఇప్పుడే మడిచిన పొట్లం పక్కన పెట్టింది. తన భూతద్దం తీసి కౌంటరమ్మాయికి ఇచ్చి, కొత్తగా నేర్చుకుంటున్నావు కదా, ఈ రెండింటి మడతలూ చూసి ఎవరివో చెప్పమంది.

అది పరీక్ష అనుకుని ఆ పిల్ల కంటికి అద్దం పెట్టుకుంది. కాసేపు ఇటూ అటూ చూసింది. తనకు తెలిసిన ప్రశ్నే వచ్చిందన్న సంతోషంతో ముఖం వెలిగింది.

"రెండూ సార్ మడతలే. ఈ గోటి నొక్కులు సార్‌వే, ఇంకెవరూ ఇలా నొక్కరు. నాకు ఎన్నిసార్లు నేర్పినా రాలేదు" అంది.

అన్నాక ఎవరూ మెచ్చుకోకపోవడం చూసి సార్ ముఖం వైపు తిరిగింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్ల భూతద్దం మెల్లగా కింద పెట్టి, గని వజ్రాల కౌంటరు సర్దవలసిన పని ఉన్నట్టు అటు వెళ్లిపోయింది.

బాబాయి మూడేళ్లుగా ఆ ఫ్రేమును రోజూ చూశాడు. దుమ్ము కూడా తనే తుడిచేవాడట. ఎదురుగా పెట్టుకుని చూస్తూ అందులో తన గోరు తనకే కనిపించలేదు. తన నడక తనకు కనపడనట్టే ఇదీను. ఆయన ఒక్క పొరపాటు చేశాడు. అన్న పరువును అమ్మకానికి పెట్టకుండా ఆ కాగితాన్ని ఏ పొయ్యిలోనో పారేసి ఉంటే, పిచ్చుక ఈ జన్మలో ఏమీ చెయ్యలేకపోయేది.

గోటి నొక్కులదేముంది, ఎవరైనా నొక్కవచ్చు, పాత కాగితం మీద ఏవో గీతలు చూసి ఏదేదో ఊహించుకుంటే ఎలా, అయినా ఇంటి సంగతులు ఇంట్లో మాట్లాడుకోవాలి గాని బయటివాళ్ల ముందు కాదు అని బాబాయి నీళ్లు నమిలాడు. బయటివాళ్లు అన్నప్పుడు మాస్కు పెట్టుకున్న మనిషి వైపు చూశాడు.

పళ్ల డాక్టరమ్మ మాస్కు తీసేసింది.

"నేను బయటిదాన్ని కాదండి. ఆ రాయి నాది" అంది.

బాబాయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆమె ఫ్రేము మీద వేలు పెట్టి, ఆ రోజు ఈ పొట్లం మీ అన్నగారు నా చేతికి ఇచ్చినప్పుడు మీరు పక్కనే నిలబడి, మా అన్నయ్య మడతంటే తాళం వేసినట్టే అన్నారు, గుర్తుందా అని అడిగింది. ఆమె గొంతు పెద్దది కాదు. రోజూ నోరు తెరిచి కూచున్న మనుషులతో మాట్లాడే గొంతు, ఎదుటివాడికి తిరిగి మాట్లాడే వీలివ్వదు. మీ మాట విని నేను కనపడినవాళ్లందరికీ చెప్పాను, ఒక మంచి పనివాడికి పని లేకుండా చేశాను, నా చేత ఆ పాపం చేయించారు అంది. ఆ మాట అంటున్నప్పుడు పిచ్చుక వైపు చూడలేకపోయింది.

లోపలి గది తలుపు దగ్గర పనివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. మెరుగు పెట్టే ముసలాయన కూడా ఉన్నాడు. ఎడమ కౌంటరులో ఉంగరాలు చూస్తున్న దంపతులు ఉంగరాలు చూడటం మానేశారు. మూడేళ్ల క్రితం కూడా ఇంతమందే ఉన్నారు, ఇదే గదిలో, అప్పుడు మధ్యలో నిలబడింది నాన్న. పిచ్చుకకు ఇది చాలా నచ్చింది. లెక్క సరిపోయినట్టు అనిపించింది.

"నువ్వే మడిచావు కదా బాబాయ్" అంది.

ఈసారి నువ్వు అంది. ప్రేమతో కాదు. బాబాయి ఫ్రేమును దగ్గరికి లాక్కున్నాడు. కొన లేని వేలితో అద్దం మీద రుద్దాడు, అక్కడేదో మరక ఉన్నట్టు.

"నేనే మడిచాను. అన్నయ్య మడిచిన పొట్లం నేనే విప్పాను. మార్చిన రాయి పెట్టి మళ్లీ నేనే మడిచాను. ఆయన చేతికిచ్చి, డాక్టరమ్మగారికి ఇమ్మన్నాను" అన్నాడు.

తలుపు దగ్గర ముసలాయన పెద్దగా నిట్టూర్చాడు. పిచ్చుకకు కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, అవి కిందికి జారనివ్వలేదు. ఈ మాట కోసమే ఆమె చదివింది, ఈ మాట కోసమే కళ్లు గుంటలు పడేట్టు పనిచేసింది, ఈ మాట కోసమే ఇష్టం లేని వీధిలోకి వచ్చి, ఇష్టం లేని షాపులో దిద్దులు కొంది. ఇక్కడ ఆగి ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంటుంది. పగ తీరేటప్పుడు ఆగడం తెలిసినవాళ్లు ఎంతమంది.

డాక్టరమ్మ మాత్రం తనకు కావలసింది అడిగింది. అయితే నా రాయి ఏది అంది. బాబాయి ఆమె కళ్లలోకి చూడకుండా, దానికి బదులు ఈ షాపులో ఏ గని వజ్రం కావాలంటే అది తీసుకోండి, ఎంత పెద్దదైనా సరే, ఆ రాయి సంగతి మాత్రం అడక్కండి అన్నాడు. అమ్ముకున్నారా అని అడిగింది. బాబాయి తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఇది పిచ్చుక వినిపించుకుందో లేదో నాకు అనుమానమే. ఆమె మనసు అప్పటికే ఇంటి దగ్గరుంది. కిటికీ పక్క కుర్చీలో కూచుని, చెయ్యడానికి పని లేక గడియారాలు విప్పి మళ్లీ బిగించుకునే మనిషి దగ్గరుంది.

ఇప్పుడు చెప్పిందే నాన్నకు ఫోన్‌లో చెప్పమంది. అందరూ వినేలా.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మను చూసినప్పుడు కూడా ఆయనలో ఇంత భయం లేదు. పోలీసులకు చెప్పుకో, పేపర్లో వేయించుకో, రేపు నేనే వీధిలో ప్రతి షాపుకూ వెళ్లి అన్నయ్య తప్పు లేదని చెప్పి వస్తాను, ఈ ఫోను మాత్రం వద్దు అన్నాడు.

"నా మాట విను పిచ్చుకా. ఇక్కడితో వదిలెయ్. నీ మంచి కోసమే చెప్తున్నా" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోతున్నాడని పిచ్చుక అనుకుంది. చావనీ అనుకుంది. నా మంచి నువ్వు మూడేళ్ల క్రితం చూసుకున్నావులే అని, కౌంటరు మీదున్న ఆయన ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. తన ఫోను నుంచి చెయ్యనివ్వలేదు. మూడేళ్ల తర్వాత నాన్న ఫోను మీద తమ్ముడి పేరు కనపడాలి, ఆ తమ్ముడే తల వంచాలి, అదీ ఆమె కోరిక. ఈ షాపు గడప తొక్కనని నాన్నకు మాటిచ్చింది కాబట్టి, నేనిక్కడున్నట్టు చెప్పొద్దని కూడా సైగ చేసింది.

బాబాయి డాక్టరమ్మ వైపు చూశాడు, పనివాళ్ల వైపు చూశాడు. ఎవరి ముఖంలోనూ సాయం కనపడలేదు. నంబరు నొక్కాడు. పిచ్చుక చెయ్యి చాపి స్పీకరు ఆన్ చేసి, ఫోనును రెండు పొట్లాల మధ్య పెట్టించింది.

చాలాసేపు మోగింది. ఎత్తడేమో అనుకునేంతలో ఎత్తాడు. అటు నుంచి ముందు గడియారాల టిక్కుటిక్కు వినపడింది.

"అన్నయ్యా, నేను. డాక్టరమ్మగారు షాపుకొచ్చారు. పొట్లం మార్చి మడిచింది నేనేనని ఆమె ముందు, అందరి ముందు ఒప్పుకున్నాను. నీ మీద ఇక ఏ మచ్చా లేదన్నయ్యా" అన్నాడు బాబాయి.

పిచ్చుక ఫోను మీదికి వంగింది. నాన్న ఏడుస్తాడేమో అనుకుంది. ఎందుకురా అలా చేశావని తమ్ముణ్ణి నిలదీస్తాడేమో అనుకుంది. నాన్న కోపం చూసి ఎన్నాళ్లయిందో. ఆ కోపం ఒక్కసారి వినాలని ఆశగా ఉంది.

నాన్న గొంతులో కోపం లేదు. భయం ఉంది.

"ఒరేయ్, రాయి ఎవరు తీశారో కూడా చెప్పేశావా?"

బాబాయి కళ్లు మూసుకున్నాడు. డాక్టరమ్మ ఫోను వైపు ఒకడుగు వేసింది. ఫోనులో నాన్న గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు:

"చెబితే చెప్పావు గాని, పిచ్చుకకి మాత్రం తెలియనివ్వకురా."